కీమో మందుని కణమే బయటికి తోడేస్తే: రవాణా ప్రోటీన్లు, మందుకు లొంగని క్యాన్సర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

కీమో మొదలైన కొత్తలో గడ్డ బాగా తగ్గి, కొన్నాళ్లకి మళ్లీ తలెత్తడం, ఈసారి అదే మందుకి అస్సలు లొంగకపోవడం క్యాన్సర్ వైద్యంలో తరచూ కనిపించేదే. ఒక్కోసారి ఆ రోగి అంతకుముందు ఎప్పుడూ వాడని మందులు కూడా పనిచేయవు. ఈ మొండితనానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ పరిశోధన జరిగినదీ, ఎక్కువ అపోహలున్నదీ రవాణా ప్రోటీన్ల సంగతే. ఇక్కడి జవాబులు విషయం అర్థం కావడానికే తప్ప ఎవరి చికిత్సనీ మార్చుకోవడానికి కాదు.

రవాణా ప్రోటీన్లు అంటే ఏమిటి?

ప్రతి కణం చుట్టూ కొవ్వు పదార్థంతో ఏర్పడిన పలచని పొర ఉంటుంది. చక్కెర, లవణాలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు వాటంతట అవి ఆ పొరని సులువుగా దాటలేవు. వాటిని ఇటు నుంచి అటు దాటించడానికి పొరలో ఇమిడి ఉండే ప్రోటీన్లే ఇవి.

మనుషుల్లో వీటికి రెండు పెద్ద కుటుంబాలున్నాయి. ఎస్ఎల్‌సీ కుటుంబంలో 400కి పైగా జన్యువులున్నాయి. మందుల విషయంలో ఇవి ఎక్కువగా లోపలికి తెచ్చే పని చేస్తాయి. ఏబీసీ కుటుంబం చిన్నది. 48 జన్యువులు, ఏ నుంచి జీ దాకా ఏడు శాఖలు. వీటిలో చాలా వరకు ఏటీపీ అనే శక్తి అణువుని ఖర్చుపెట్టి పదార్థాల్ని కణం నుంచి బయటికి పంపేవే, అందుకే వీటిని పంపులు అంటారు. క్యాన్సర్ మందుల చర్చలో ఎక్కువగా వినిపించేది ఈ రెండో కుటుంబం పేరే.

వీటికీ మందు పనిచేయకపోవడానికీ సంబంధం ఏమిటి?

చాలా కీమో మందులు కణం లోపల పనిచేస్తాయి. డాక్సోరుబిసిన్ కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ దగ్గర పనిచేయాలి. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ కణం లోపలి సూక్ష్మనాళికల్ని పట్టుకోవాలి. మందు రక్తంలో ఎంత ఉన్నా, కణం లోపల తగినంత పోగుపడకపోతే ప్రయోజనం లేదు.

చిల్లు పడిన పడవని ఊహించుకోండి. నీళ్లు వస్తూనే ఉంటాయి, లోపలున్నవాళ్లు తోడిపోస్తూనే ఉంటారు. వచ్చే వేగం కన్నా తోడే వేగం తగ్గకపోతే పడవ మునగదు. క్యాన్సర్ కణం కూడా ఇలాగే బతికిపోతుంది. మందు లోపలికి రాకుండా ఆపాల్సిన పనిలేదు, ప్రాణం తీసే స్థాయికి చేరకముందే తోడేస్తే చాలు. లేదంటే లోపలికి తెచ్చే ద్వారాల్నే తగ్గించుకుంటుంది. కొన్ని కణాలు రెండూ చేస్తాయి.

ఈ పంపుల సంగతి మొదట ఎవరు కనిపెట్టారు?

ఒక్కరు కాదు. 1970లో జూన్ బీడ్లర్, హాన్స్‌యోర్గ్ రీమ్ చైనీస్ హ్యామ్‌స్టర్ కణాల్ని ఆక్టినోమైసిన్-డీకి అలవాటు చేశారు. ఆ కణాలు ఆ ఒక్క మందుకే కాక, నిర్మాణంలో దానితో పోలికే లేని వేరే మందులకీ లొంగకుండా తయారయ్యాయి. ఒక మందుతో పోరాడిన కణం ఇంకో మందుని ఎలా తట్టుకుంటోంది? అసలు చిక్కుముడి అక్కడ పడింది.

1973లో డెన్మార్క్ శాస్త్రవేత్త కెల్డ్ డానో ఎలుకల ట్యూమర్ కణాల మీద పనిచేస్తూ, డానోమైసిన్‌కి లొంగని కణాలు ఆ మందుని శక్తి ఖర్చుపెట్టి బయటికి పంపుతున్నాయని చూపించారు. కణానికి శక్తి అందకుండా చేస్తే మందు లోపల పోగుపడింది. 1976లో కెనడాలో రుడాల్ఫ్ జూలియానో, విక్టర్ లింగ్ మొండి కణాల పొరలో ఒక పెద్ద ప్రోటీన్‌ని పట్టుకున్నారు. కణం ఎంత మొండిదైతే ఆ ప్రోటీన్ అంత ఎక్కువ. అదే పీ-గ్లైకోప్రోటీన్. మొదట వాళ్లు అది మందుని లోపలికి రానివ్వకుండా అడ్డుకుంటోందని అనుకున్నారు. అది తోడేసే పంపు అని తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1986 నాటికి దాని జన్యువు చేతికొచ్చింది.

ముఖ్యంగా తెలుసుకోవాల్సిన పంపులు ఏవి?

మూడు. మిగతావి ఉన్నా, వైద్యంలో చర్చంతా దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

పీ-గ్లైకోప్రోటీన్ జన్యువు పేరు ఏబీసీబీ1. పాత పుస్తకాల్లో ఎండీఆర్1 అని ఉంటుంది. 1,280 అమైనో ఆమ్లాల గొలుసు, కణపొరని 12 సార్లు అటూ ఇటూ దాటుతుంది. డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, ఎటోపోసైడ్ అన్నీ దీనికి సరుకే.

రెండోది ఎంఆర్‌పీ1, జన్యువు ఏబీసీసీ1. 1992లో సూసన్ కోల్, రోజర్ డీలీ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో దీన్ని గుర్తించింది. ఆ కణాలు డాక్సోరుబిసిన్‌కి లొంగడం లేదు, అయినా వాటిలో పీ-గ్లైకోప్రోటీన్ పెరగలేదు. అంటే ఇంకేదో ఉంది అని వెతికితే ఇది దొరికింది. దీని తీరు కాస్త వేరు. గ్లూటాథయోన్ అనే చిన్న అణువుని మందుకి జతచేసో, మందుతో పాటు కలిపో బయటికి పంపుతుంది. విన్‌క్రిస్టిన్ దీనికి దొరికిపోతుంది గానీ, పాక్లిటాక్సెల్‌ని ఇది పెద్దగా పట్టించుకోదు.

మూడోది బీసీఆర్‌పీ, జన్యువు ఏబీసీజీ2. 1998లో రొమ్ము క్యాన్సర్ కణాల్లో బయటపడింది. 655 అమైనో ఆమ్లాలే ఉన్న సగం పంపు ఇది. రెండు సగాలు జతకడితేనే పనిచేస్తుంది. మైటోక్సాంట్రోన్, టోపోటెకాన్, ఇరినోటెకాన్ నుంచి శరీరంలో తయారయ్యే ఎస్ఎన్-38, మెథోట్రెక్సేట్ దీని జాబితాలో ఉన్నాయి.

ఒకే పంపు ఇన్ని రకాల మందుల్ని ఎలా గుర్తుపడుతుంది?

ఇది చాలా మంచి ప్రశ్న. మామూలుగా ఎంజైములు, గ్రాహకాలు తమకి సరిపోయే ఒకటి రెండు అణువుల్నే పట్టుకుంటాయి. పీ-గ్లైకోప్రోటీన్ అలా కాదు. దాని లోపల ఒక పెద్ద ఖాళీ గది ఉంటుంది. 2009లో ఎలుక పీ-గ్లైకోప్రోటీన్ నిర్మాణం బయటికొచ్చాక ఆ గది ఎంత పెద్దదో, దాని గోడలు ఎంత జిడ్డుగా ఉంటాయో కళ్లకి కట్టింది. నీటికన్నా కొవ్వుని ఇష్టపడే అణువు ఏదైనా, ఎటు తిరిగి కూర్చున్నా, ఆ గోడల్లో ఎక్కడో ఒక చోట అంటుకుంటుంది. అందుకే ఆకారంలో పోలిక లేని మందులకి కూడా ఇక్కడ చోటు దొరుకుతుంది.

ఇంకో విశేషం, మందు కణం మధ్యలోకి చేరాక పంపు దాన్ని వెతుక్కుంటూ వెళ్లదు. మందు కణపొర కొవ్వులో ఉండగానే పక్క నుంచి లోపలికి లాగుతుంది. ఆ తర్వాత పంపు లోపలి వైపున ఉన్న రెండు భాగాలు ఏటీపీని పట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. దాంతో గది లోపలి వైపు మూసుకుని బయటి వైపు తెరుచుకుంటుంది, మందు బయట పడుతుంది. ఏటీపీ విరిగాక పంపు మళ్లీ మొదటి స్థితికి వస్తుంది.

ప్రయోగశాలలో దీన్ని కళ్లారా చూడొచ్చు. డాక్సోరుబిసిన్‌కి సహజంగానే నారింజ ఎరుపు కాంతి ఉంది. మామూలు క్యాన్సర్ కణాలకి ఆ మందు ఇచ్చి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద పెడితే కేంద్రకాలు నిప్పుకణికల్లా మెరుస్తాయి. పంపు ఎక్కువగా ఉన్న కణాల్లో అదే మోతాదుకి కేంద్రకం దాదాపు చీకటిగానే ఉంటుంది. ఇదే పని రోడమైన్ 123 అనే ఆకుపచ్చ రంగుతోనూ చేస్తారు. కణాలకి రంగు పట్టించి, కడిగి, శుభ్రమైన ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచుతారు. పంపు లేని కణాలు మెరుస్తూనే ఉంటాయి, పంపున్నవి మసకబారిపోతాయి. ద్రావణంలో పంపుని ఆపే వెరాపమిల్ అనే మందు కలిపితే అవి కూడా మెరుస్తూ ఉండిపోతాయి. పంపు ఉంది, పనిచేస్తోంది, దాన్ని ఆపొచ్చు: మూడు సంగతులూ ఈ ఒక్క ప్రయోగంలో తేలిపోతాయి.

పంపులు పట్టుకోలేని కీమో మందులు ఉన్నాయా?

ఉన్నాయి. సిస్‌ప్లాటిన్, 5-ఫ్లోరోయురాసిల్, సైక్లోఫాస్ఫమైడ్, బ్లియోమైసిన్ లాంటివి పీ-గ్లైకోప్రోటీన్‌కి చిక్కవు. అలాగని వాటికి మొండితనం ఎదురుకాదని కాదు. సిస్‌ప్లాటిన్‌నే తీసుకోండి. శరీరంలో రాగిని అటూ ఇటూ చేరవేసే ఏటీపీ7ఏ, ఏటీపీ7బీ ప్రోటీన్లు దాన్ని మళ్లించగలవు. గ్లూటాథయోన్‌తో జతకట్టాక ఎంఆర్‌పీ2 అనే ఇంకో పంపు బయటికి పంపగలదు. అన్నిటికీ మించి, సిస్‌ప్లాటిన్ చేసిన డీఎన్ఏ గాయాల్ని కణం మరమ్మతు చేసుకోగలదు.

మందుని లోపలికి తెచ్చే ద్వారాలు తగ్గినా మొండితనం వస్తుందా?

వస్తుంది. దీనికి దక్కాల్సినంత ప్రచారం దక్కలేదని నా అభిప్రాయం. పంపుల కథలో నాటకీయత ఉంది కాబట్టి అందరూ దాని గురించే రాస్తారు.

మెథోట్రెక్సేట్ చూడండి. అది ఫోలేట్ విటమిన్‌ని పోలిన మందు, ఫోలేట్‌ని లోపలికి తెచ్చే ద్వారం నుంచే వెళ్తుంది. ఆ ద్వారం జన్యువు ఎస్ఎల్‌సీ19ఏ1, 21వ క్రోమోజోమ్ మీద ఉంది. పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో ఒక రకంలో క్యాన్సర్ కణాల్లో క్రోమోజోములు మామూలుకన్నా ఎక్కువుంటాయి, 21వది కూడా తరచూ అదనంగా ఉంటుంది. అలాంటి కణాల్లో మెథోట్రెక్సేట్ ఎక్కువగా పోగుపడుతుంది, ఆ పిల్లలకి చికిత్స ఫలితాలు కూడా బాగుంటాయి. దీనికి ఎదురుగా, ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమాలో ఈ ద్వారం తక్కువగా ఉన్న గడ్డలు కనిపించాయి. ఆ జబ్బులో మెథోట్రెక్సేట్‌ని భారీ మోతాదులో ఇచ్చి, తర్వాత ల్యూకోవొరిన్‌తో మామూలు కణాల్ని కాపాడతారు. మందు అంత ఎక్కువ గాఢతలో ఉంటే ద్వారం సరిగా లేకపోయినా కొంత లోపలికి వెళ్తుంది.

జెమ్‌సిటాబిన్, సైటరాబిన్‌లకి ఈఎన్‌టీ1 అనే ద్వారం కావాలి. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌లో ఈఎన్‌టీ1 ఎక్కువున్న గడ్డలకి జెమ్‌సిటాబిన్ బాగా పనిచేస్తుందని కొన్ని అధ్యయనాలు చూపించాయి. 2013లో వెలువడిన ఇంకో ట్రయల్‌లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. రెండు చోట్లా ప్రోటీన్‌ని కొలవడానికి వాడిన యాంటీబాడీలు వేరు. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఈ రంగంలో చాలా గొడవలకి మూలం ఇదే. కొలిచే పద్ధతి మారితే జవాబు మారిపోతుంది.

ఇంత ఇబ్బంది పెట్టే పంపులు మన శరీరంలో అసలెందుకున్నాయి?

క్యాన్సర్ కోసం కాదు, మన రక్షణ కోసం. మనం తినే మొక్కల్లో, సూక్ష్మజీవుల్లో విషాలు ఎన్నో ఉంటాయి. పేగు గోడ, కాలేయం, మూత్రపిండాలు, మెదడు రక్తనాళాలు, మాయ, వృషణాలు: విషం లోపలికి రాకూడని చోటో, వచ్చింది బయటికి పోవాల్సిన చోటో ఉండే కణాల్లో ఈ పంపులు బారులు తీరి ఉంటాయి. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ లాంటి మందులు మొక్కల నుంచి వచ్చినవే, డాక్సోరుబిసిన్ నేలలోని ఒక బాక్టీరియా నుంచి వచ్చింది. పంపు దృష్టిలో ఇవీ విషాలే.

పంపు విలువేంటో ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో అనుకోకుండా తెలిసింది. ఆల్‌ఫ్రెడ్ షింకెల్, పీట్ బోర్స్ట్ బృందం పీ-గ్లైకోప్రోటీన్ జన్యువు తీసేసిన ఎలుకల్ని పుట్టించింది. చూడ్డానికి వాటికి ఏ లోపమూ లేదు. చక్కగా తిరుగుతున్నాయి, పిల్లల్ని కంటున్నాయి. ఎలుకలకి పట్టే సూక్ష్మ పురుగుల్ని వదిలించడానికి మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ చల్లగానే జన్యువు లేని ఎలుకలు చచ్చిపోయాయి, మిగతావి బాగానే ఉన్నాయి. మామూలు ఎలుకల మెదడులోకి ఆ మందుని రానివ్వకుండా పంపు కాపలా కాస్తోందన్నమాట. 1994లో ప్రచురించిన లెక్క ప్రకారం పంపు లేని ఎలుకలు ఐవర్‌మెక్టిన్ విషానికి సుమారు 100 రెట్లు, విన్‌బ్లాస్టిన్‌కి సుమారు 3 రెట్లు సున్నితం. కొన్ని కోలీ జాతి కుక్కలకి ఐవర్‌మెక్టిన్ ఇస్తే ప్రాణం మీదికొచ్చేదీ ఇందుకే. వాటిలో ఈ జన్యువు పుట్టుకతోనే తెగి ఉంటుంది.

బీసీఆర్‌పీకి ఇంకో మామూలు పని ఉంది, యూరిక్ యాసిడ్‌ని బయటికి పంపడం. అందులో ఒక సాధారణ జన్యు మార్పు ఉన్నవాళ్లకి కీళ్లు వాచే గౌట్ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది.

కీమో వల్లే పంపులు పుట్టుకొస్తాయా, ముందే ఉంటాయా?

రెండూ జరుగుతాయి. మూత్రపిండం, కాలేయం, పెద్దపేగు, అడ్రినల్ గ్రంథి కణాల్లో పంపులు సహజంగానే ఎక్కువ. వాటి నుంచి పుట్టిన క్యాన్సర్ చాలాసార్లు పుట్టుకతోనే ఆ పంపుల్ని వెంటతెచ్చుకుంటుంది. మూత్రపిండ క్యాన్సర్ మామూలు కీమోకి ఎందుకు అంతగా లొంగదో వివరించే కారణాల్లో ఇదొకటి. లుకేమియా, రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో మొదట తక్కువుండి, చికిత్స తర్వాత పెరగడం కనిపిస్తుంది.

ఆ పెరగడం కూడా ఒకే దారిలో జరగదు. ముందే పంపు ఎక్కువున్న కొద్ది కణాలు కీమోని తట్టుకుని మిగిలిపోయి, వాటి సంతానంతో గడ్డ మళ్లీ పెరగొచ్చు. జన్యువుకి అదనపు ప్రతులు చేరొచ్చు. మందు తాకిడికే జన్యువు మేల్కొనొచ్చు. అన్నిటికన్నా చిత్రమైనది అండాశయ క్యాన్సర్‌లో 2015లో బయటపడింది. చికిత్స తర్వాత తిరగబెట్టిన కొన్ని గడ్డల్లో డీఎన్ఏ తెగి, ఎస్ఎల్‌సీ25ఏ40 అనే వేరే జన్యువు స్విచ్ వచ్చి ఏబీసీబీ1కి అతుక్కుంది. ఆ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే రకం. దాంతో పంపు తయారీ ఆగకుండా సాగుతుంది.

పంపుని ఆపేసే మందు కలిపి ఇస్తే సరిపోదా?

ఈ ప్రశ్న ప్రతి ఒక్కరికీ తడుతుంది. శాస్త్రవేత్తలకీ తట్టింది. 1981లో జపాన్ శాస్త్రవేత్త తకాషి ట్సురువో, రక్తపోటుకి వాడే వెరాపమిల్ కలిపితే మొండి లుకేమియా కణాలు మళ్లీ విన్‌క్రిస్టిన్‌కి లొంగుతాయని చూపించారు. ఎంత ఉత్సాహం వచ్చిందో ఊహించొచ్చు. తెలిసిన మందు, చవక, మెడికల్ షాపులో దొరికేది.

రోగుల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. పంపుని ఆపాలంటే వెరాపమిల్ ఎంత కావాలో, అంత ఇస్తే గుండె లయ తప్పుతుంది, రక్తపోటు పడిపోతుంది. సైక్లోస్పోరిన్‌ని ప్రయత్నించారు, దాని తర్వాత అదే తరహాలో కానీ రోగనిరోధక శక్తిని అణచని వాల్‌స్పోడార్ వచ్చింది. వాల్‌స్పోడార్ పంపుని బాగానే ఆపింది. కానీ కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే సీవైపీ3ఏ ఎంజైముని కూడా ఆపింది. దాంతో కీమో మందు శరీరంలోంచి పోక, రక్తంలో పెరిగిపోయింది. విషప్రభావం భయంతో కీమో మోతాదు తగ్గించాల్సి వచ్చింది. ఎవరికి ఎంత తగ్గించాలో ముందే చెప్పడం కష్టం. కొందరికి మందు ఎక్కువైంది, కొందరికి చాలలేదు. వృద్ధుల్లో వచ్చే మైలాయిడ్ లుకేమియా మీద చేసిన ఒక పెద్ద ట్రయల్‌ని, వాల్‌స్పోడార్ తీసుకున్న వర్గంలో తొలినాళ్ల మరణాలు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది.

మూడో తరం మందులు టారిక్విడార్, జోసుక్విడార్, ఎలాక్రిడార్. ఇవి చాలా తక్కువ మోతాదులోనే పంపుని ఆపుతాయి, సీవైపీ3ఏ జోలికి పెద్దగా వెళ్లవు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో టారిక్విడార్ మూడో దశ ట్రయల్స్ విషప్రభావం కారణంగా 2003లో ఆగిపోయాయి. 60 దాటిన మైలాయిడ్ లుకేమియా రోగుల్లో జోసుక్విడార్ ఆయుష్షు పెంచలేదని 2010లో తేలింది. ఊరటనిచ్చిన ఫలితం లేకపోలేదు. 2001లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో అదే జబ్బుకి కీమోతో సైక్లోస్పోరిన్ కలిపితే మేలు కనిపించింది. తర్వాతి ప్రయోగాలు దాన్ని నిలబెట్టలేదు.

ఎందుకిలా? ఒక పెద్ద తప్పు రోగుల ఎంపికలో జరిగిందని నేననుకుంటాను. చాలా ట్రయల్స్‌లో గడ్డలో పంపు ఉందో లేదో చూడకుండానే అందర్నీ చేర్చుకున్నారు. పంపే లేనివాళ్లకి పంపు ఆపే మందు ఇస్తే దుష్ప్రభావాలు తప్ప ఏమొస్తుంది? రెండోది, ఒక పంపుని ఆపితే ఎంఆర్‌పీ1, బీసీఆర్‌పీ ఆ పని అందుకోగలవు. మూడోది, ఎముక మజ్జ మూలకణాల్ని కీమో నుంచి కాపాడేది కూడా ఈ పంపులే. వాటిని ఆపితే క్యాన్సర్‌తో పాటు మజ్జ కూడా దెబ్బతింటుంది. ఇవాళ్టి వరకు ఇందుకోసమే అనుమతి పొంది మామూలు వైద్యంలో వాడకంలో ఉన్న పంపు నిరోధకం ఒక్కటీ లేదు.

మోతాదు పెంచితే పంపు ఓడిపోదా?

పాత్రలో పెంచిన కణాల్లో ఓడిపోతుంది. ప్రయోగశాలలోని మొండి కణాలకి ఒక్కోసారి వందల రెట్లు ఎక్కువ మందు కావాలి. మనిషి శరీరం చాలా కీమో మందుల్ని రెండు రెట్లు కూడా భరించలేదు.

మెదడుకి పాకిన క్యాన్సర్‌కి మందులు సరిగా పనిచేయకపోవడానికి కారణం ఇదేనా?

పెద్ద కారణమే. మెదడు రక్తనాళాల గోడల్లో పీ-గ్లైకోప్రోటీన్, బీసీఆర్‌పీ పక్కపక్కనే ఉండి ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. ఇక్కడ పంపు క్యాన్సర్ కణంలో ఉండాల్సిన అవసరం కూడా లేదు, మందు గడ్డ దాకా చేరకముందే వెనక్కి వెళ్లిపోతుంది. ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో క్రిజోటినిబ్ వాడుతుంటే శరీరంలో జబ్బు అదుపులో ఉండి మెదడులో పెరగడం తరచూ జరిగేది. తర్వాత వచ్చిన లోర్లాటినిబ్‌ని రూపొందించినప్పుడే పీ-గ్లైకోప్రోటీన్‌కి చిక్కకుండా అణువుని మలిచారు. అది మెదడులోని గడ్డల మీద బాగా పనిచేస్తుంది. పంపుతో కుస్తీ పట్టి ఓడిపోయిన చోట, పంపు కంటపడకుండా తప్పుకుపోవడం గెలిచిందన్నమాట. నా దృష్టిలో ఈ రంగం ఇన్నేళ్లలో నేర్చుకున్న అసలు విషయం ఇదే.

టార్గెటెడ్ మందులు, ఇమ్యునోథెరపీకి ఈ బెడద లేదా?

టార్గెటెడ్ మాత్రల్లో చాలా వాటికి ఉంది. ఇమాటినిబ్‌తో సహా ఎన్నో కైనేజ్ నిరోధకాలు (కణం పెరుగుదలకి సంకేతాలిచ్చే కైనేజ్ ఎంజైముల్ని ఆపే మందులు) పీ-గ్లైకోప్రోటీన్‌కో, బీసీఆర్‌పీకో సరుకే. ఒలాపరిబ్ అనే టార్గెటెడ్ మాత్ర విషయం ఆసక్తికరం. బీఆర్‌సీఏ1 జన్యువు లోపమున్న ఎలుకల రొమ్ము గడ్డలు ఆ మందుకి మొండికేసినప్పుడు చూస్తే పంపు పెరిగి ఉంది. టారిక్విడార్ కలపగానే మళ్లీ లొంగాయి.

యాంటీబాడీలు పంపులో పట్టేంత చిన్నవి కావు, కాబట్టి వాటిని తోడేయడం కుదరదు. ఇమ్యునోథెరపీ యాంటీబాడీలు, కార్-టీ కణాలు (క్యాన్సర్ మీద దాడి చేసేలా మార్చిన రోగనిరోధక కణాలు) ఈ లెక్కలోకి రావు. కానీ యాంటీబాడీకి కీమో మందు కట్టి పంపే రకం ఉంది. యాంటీబాడీ కణంలోకి వెళ్లాక మందు విడిపోతుంది, అప్పుడు పంపు దాన్ని పట్టుకోగలదు. మైలాయిడ్ లుకేమియాకి వాడే జెమ్‌టుజుమాబ్ ఓజోగామిసిన్‌లోని కాలికియామైసిన్‌ని పీ-గ్లైకోప్రోటీన్ బయటికి పంపుతుంది, పంపు ఎక్కువున్న రోగుల్లో ఫలితం తగ్గుతుంది.

నా గడ్డలో పంపులు ఉన్నాయో లేదో పరీక్ష చేయించుకోవచ్చా?

పరిశోధనల్లో చేస్తారు. గడ్డ ముక్కలో ప్రోటీన్‌ని రంగు పట్టించి చూడటం, ఆర్ఎన్ఏ కొలవడం, లుకేమియా అయితే కణాల్లో రోడమైన్ ప్రయోగం చేయడం లాంటివి. గుండె స్కాన్‌కి వాడే టెక్నీషియం సెస్టమిబీని కూడా పీ-గ్లైకోప్రోటీన్ తోడేస్తుంది కాబట్టి దానితో గడ్డని స్కాన్ చేసి చూసినవాళ్లున్నారు. కానీ ఏ స్థాయి దాటితే ఎక్కువ అనాలో అందరూ ఒప్పుకున్న గీత లేదు, ఫలితం వచ్చినా దాన్నిబట్టి మార్చడానికి ప్రత్యేక మందు లేదు. అందుకే మామూలు చికిత్సలో ఈ పరీక్ష రాయరు. మీ డాక్టర్ చేయించలేదని టెన్షన్ పడాల్సిన పనిలేదు.

మొండితనమంతా పంపుల వల్లేనా?

కాదు. మందు తగలాల్సిన చోటే మారిపోవచ్చు. ఇమాటినిబ్ వాడే క్రానిక్ లుకేమియాలో వచ్చే టీ315ఐ మార్పు అలాంటిదే, పంపు ఉన్నా లేకున్నా మందు అతుక్కోలేదు. డీఎన్ఏ మరమ్మతు చురుగ్గా మారొచ్చు. కణం చావకుండా ఆపే ప్రోటీన్లు పెరగొచ్చు. గడ్డ లోపలికి రక్తమే సరిగా అందక మందు చేరకపోవచ్చు. ఒకే రోగిలో ఇవన్నీ కలిసి ఉండొచ్చు, ఒక గడ్డలో ఒకటి, ఇంకో గడ్డలో మరొకటి కూడా ఉండొచ్చు.

ఆహారంతోనో, మూలికలతోనో పంపుల్ని ఆపొచ్చా?

పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీలోని పదార్థాలు, కొన్ని ఫ్లేవనాయిడ్లు కణాల మీద పోస్తే పంపుని ఆపుతాయన్నది నిజమే. కానీ ఆ గాఢత తినడం వల్ల రక్తంలోకి రాదు. కర్క్యుమిన్ అయితే పేగు నుంచి రక్తంలోకి ఎక్కేదే బహు తక్కువ.

అంతకన్నా పట్టించుకోవాల్సింది దీనికి వ్యతిరేకమైన ప్రమాదాన్ని. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక పేగులో పీ-గ్లైకోప్రోటీన్‌ని, కాలేయంలో సీవైపీ3ఏ4ని పెంచుతుంది. ఇరినోటెకాన్ తీసుకుంటున్నవాళ్లు ఈ మూలికని కూడా వాడినప్పుడు, అసలు పనిచేసే ఎస్ఎన్-38 రక్తంలో 42 శాతం తగ్గిందని 2002లో ఒక అధ్యయనం చూపించింది. క్షయకి వాడే రిఫాంపిసిన్‌దీ ఇదే ధోరణి. గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని మందుల్ని రక్తంలో పెంచేస్తుంది. కాబట్టి కీమోలో ఉన్నప్పుడు సహజమైనదే కదా అని ఏదైనా మొదలుపెట్టే ముందు, వాడుతున్న ప్రతి మాత్ర, పొడి, కషాయం పేరు ఒక కాగితం మీద రాసి ఆంకాలజిస్ట్‌కి చూపించండి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు కూడా ఆ జాబితాలో ఉండాలి.